బడి కమిటీ కాగితం దాటి పనిచేయాలంటే: సర్కారు బడి తల్లిదండ్రులకు ఒక దారి

ఏ బిడ్డనైనా గేటు దగ్గరి నుంచి వెనక్కి పంపే అధికారం లేని బడి సర్కారు బడి. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు, నడవలేని పిల్లలు, సంవత్సరం మధ్యలో వలస వచ్చిన కూలీల పిల్లలు, అందరూ చివరికి వచ్చి చేరేది అక్కడికే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే చాలాచోట్ల కొడుకు వ్యాన్ ఎక్కుతాడు, కూతురు సర్కారు బడికి నడుస్తుంది. అందుకే ఈ బడి చెడితే మొదట ఆగేది ఆ అమ్మాయి చదువు. బడి బాగుంటే ఆ అమ్మాయి రేపు బ్యాంకు కాగితం చదువుకుని సంతకం పెడుతుంది, ఆసుపత్రి చీటీ అర్థం చేసుకుంటుంది, కూలి లెక్క సరిచూసుకుంటుంది. ఊరికి దక్కేది ఇంకొకటుంది. వేర్వేరు వాడల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినే చోటు మన ఊళ్లలో బడి తప్ప ఎన్ని ఉన్నాయి?

చదువు హక్కా, దయా అన్న ప్రశ్న మన గడ్డ మీది కేసుతోనే ఒక మలుపు తిరిగింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ సవరణతో రాజ్యాంగంలోకి 21ఏ అధికరణం వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ తల్లిదండ్రుల చేతికి ఇచ్చిన పనిముట్టు పాఠశాల యాజమాన్య కమిటీ. చాలా ఊళ్లలో ఇది హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుల) బీరువాలోని ఒక పుస్తకంగా మిగిలిపోయింది. దాన్ని ఎలా పనిచేయించాలో ఇక్కడ చెబుతున్నాం.

కమిటీలో ఎవరుండాలి

చట్టం లెక్క స్పష్టం: సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. మొత్తంలో సగం మంది మహిళలు. ఎస్సీ, ఎస్టీలు, ఇతర వెనుకబడిన వర్గాలు, పేద కుటుంబాల తల్లిదండ్రులకు వారి పిల్లల సంఖ్యకు తగ్గ చోటు. 2011లో వచ్చిన రాష్ట్ర నియమాల ప్రకారం తరగతికి ముగ్గురిని ఆ తరగతి తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. అంటే 5 తరగతుల బడికి 15 మంది. అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు తల్లిదండ్రుల్లోంచే రావాలి. హెచ్‌ఎం సభ్య కన్వీనర్. అంగన్‌వాడీ కార్యకర్త, వార్డు సభ్యుడి వంటివారు హోదా రీత్యా ఉంటారు.

తెలంగాణలో 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ప్రధానంగా మరమ్మతులు, నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు వంటి పనుల బాధ్యత వాటిది. 21వ సెక్షన్ కమిటీకి అవి ప్రత్యామ్నాయం కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో కమిటీ ఎన్నికలు జరిగాయి. ఏ రాష్ట్రంలోనైనా మొదటి పని ఒక్కటే: హెచ్‌ఎంను అడిగి సభ్యుల జాబితా చూడండి. బడి మానేసిన పిల్లల తల్లిదండ్రుల పేర్లు, ప్రైవేటు బడికి పంపే వాళ్ల పేర్లు అందులో కనిపిస్తే ఆ కమిటీ చట్టం ప్రకారం లేనట్టే. తిరిగి ఎన్నుకోమని రాతపూర్వకంగా అడగండి.

ఎన్నికల రోజు జరిగే పెద్ద తప్పు, ఊరి పార్టీ నాయకులు ముందే పేర్లు రాసుకొచ్చి చదివేయడం. దానికి విరుగుడు తరగతి వారీ ఎన్నిక. మూడో తరగతి తల్లిదండ్రులు మూడో తరగతి గదిలో కూర్చుని వాళ్లలోంచి ముగ్గురిని చేతులెత్తి ఎన్నుకుంటే బయటివాళ్లకు అక్కడ చోటుండదు. ఇంకో తప్పు, భార్య పేరు రాసి భర్త వచ్చి కూర్చోవడం. సభ్యురాలు రాకపోతే ఆ రోజు ఆమె గైర్హాజరు అని రాయండి. భర్త సంతకం చెల్లదని మొదటి సమావేశంలోనే తీర్మానం చేయండి. బిడ్డ ఏం తింటోంది, ఎందుకు బడికి పోనంటోంది, మరుగుదొడ్డికి ఎందుకు వెళ్లడం లేదు అన్నవి తల్లికి తెలిసినంతగా తండ్రికి తెలియవు.

సమావేశం పెట్టే తీరు

నెలకోసారి, ఒకే తేదీన. కూలి పోయే వేళ పెడితే వచ్చేది నలుగురే. అందుకే వేళను తల్లులనే అడిగి పెట్టండి. నాట్లు, పత్తి ఏరడం, మిరప కోతల కాలంలో సాయంత్రం ఆరు తర్వాతే కుదురుతుంది. మూడు రోజుల ముందు పిల్లల డైరీల్లో రాయించండి, ముందు రోజు సాయంత్రం చాటింపో వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజో పెట్టండి. చదవడం రానివాళ్లకు వాయిస్ చేరుతుంది, రాత చేరదు.

చర్చకు మూడు విషయాలు చాలు. పది పెట్టుకుంటే ఒక్కటీ తేలదు. ప్రతి తీర్మానంలో నాలుగు ముక్కలు ఉండాలి: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, డబ్బు ఎక్కడిది. "మరుగుదొడ్లు బాగుచేయాలి" అన్నది తీర్మానం కాదు. "బాలికల మరుగుదొడ్డి తలుపు గడియ, కుళాయి ఈ నెల 20లోగా హెచ్‌ఎం వేయించాలి, ఖర్చు స్కూల్ గ్రాంటులోంచి" అన్నది తీర్మానం. రాసినదాన్ని సంతకాలకు ముందు గట్టిగా చదివి వినిపించండి. ఖాళీ పేజీ మీద, ఇంటికి పంపిన పుస్తకం మీద సంతకం పెట్టొద్దు. కమిటీ కాగితం మీదే బతకడానికి మొదటి కారణం ఇంటి దగ్గర పెట్టిన ఈ సంతకాలే.

ముందు లెక్కలు తెలుసుకోండి

ప్రతి బడికి ప్రభుత్వ లెక్కల్లో దాన్ని గుర్తించే 11 అంకెల సంఖ్య, యూడైస్ కోడ్, ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ కోడ్లు 28తో, తెలంగాణ కోడ్లు 36తో మొదలవుతాయి. యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే మీ బడి గురించి ప్రభుత్వానికి చేరిన లెక్క కనిపిస్తుంది: ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, పనిచేసే మరుగుదొడ్లు ఎన్ని, మంచినీళ్లు ఉన్నాయా, ర్యాంపు ఉందా. దాన్ని ప్రింటు తీసి బడికి పట్టుకెళ్లి ఒక్కో గడీ కళ్లతో సరిచూడండి. కాగితం మీద నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, అక్కడ తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి ఒకటేనా? కాకపోతే తేడాను తీర్మానంలో రాసి, లెక్క సరిదిద్దమని అడగండి. ఆ లెక్క తప్పుగా ఉన్నంతకాలం మీ బడికి నిధుల అవసరమే లేదని పైవాళ్లు అనుకుంటారు.

టీచర్ల లెక్క చట్టం షెడ్యూలులోనే ఉంది. 1 నుంచి 5 తరగతులకు 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు, 121–200కి ఐదుగురు. 150 దాటితే ఐదుగురితో పాటు ప్రత్యేకంగా హెచ్‌ఎం. 6 నుంచి 8 తరగతుల్లో ప్రతి 35 మందికి ఒక టీచర్. సైన్సు–లెక్కలకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కొక్కరు ఉండాలి. 8 మంది పిల్లలున్న బడికైనా ఈ లెక్కలో ఇద్దరు రావాలి. ఆచరణలో పిల్లలు తగ్గిన బడులకు ఒక్కరితోనే సరిపెడుతున్నారు. ఆ ఒక్కరూ శిక్షణకో సెలవుకో వెళ్తే బడి మూత, ఆ మూత చూసి మరో ఇద్దరు పిల్లలు ప్రైవేటుకు, దాంతో పోస్టు ఇంకా ప్రమాదంలోకి. ఈ గొలుసును తెంపగలిగింది చేరికలే. జూన్ 12న బడులు తెరిచే ముందు, మే నెలలోనే కమిటీ సభ్యులు ఐదేళ్లు నిండిన పిల్లల జాబితా అంగన్‌వాడీలో తీసుకుని ఇంటింటికీ తిరగాలి. టీచర్లు ఒక్కరే తిరిగితే ప్రచారంలా ఉంటుంది, పక్కింటి తల్లి వచ్చి "మా పాప అక్కడే చదువుతోంది, రా చూద్దువు గానీ" అంటే నమ్మకం కుదురుతుంది.

టీచర్‌ను వేరే బడికి డిప్యుటేషన్ మీద పంపారా, బోధనేతర పనులకు వాడుతున్నారా అని నెలనెలా అడగండి. 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదు. టీచర్ బడిలో లేకపోతే తప్పంతా ఆయనదేనని ముందే తేల్చేయొద్దు. చాలాసార్లు పైనుంచి వచ్చిన ఆదేశమే అందుకు కారణం, అప్పుడు ఆ టీచర్‌కు కమిటీ మద్దతే బలం.

చదువు వస్తోందా? ఇదే అసలు ప్రశ్న

గోడలకు రంగు వేయించడం తేలిక, చదువు చూడటం కష్టం. అందుకే కమిటీలు రంగు దగ్గరే ఆగిపోతాయి. బడి ఉన్నదే చదవడం, రాయడం, లెక్క వేయడం నేర్పడానికి. ఇది వచ్చిందో లేదో ఒక్కో బిడ్డకు ఐదు నిమిషాల్లో తెలుసుకోవచ్చు.

రెండో తరగతి తెలుగు వాచకం స్థాయిలో, పిల్లలు ఇంతకుముందు చూడని ఎనిమిది పది వాక్యాల చిన్న కథ ఒకటి రాయించండి. దానికంటే తేలికైన నాలుగు వాక్యాల పేరా ఒకటి, పది మాటలు, పది అక్షరాలు. లెక్కలకు రెండంకెల తీసివేత (అప్పు తెచ్చుకునేది, 52 నుంచి 27 లాంటిది), మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. బిడ్డ ముందు పేరా పెట్టండి. తడుముకోకుండా చదివితే కథ ఇవ్వండి, చదవలేకపోతే మాటలకు, అక్షరాలకు దిగండి. చదివినదాంట్లో ఒక ప్రశ్న అడగండి, ఎందుకంటే గడగడా చదివి అర్థం కాని పిల్లలు చాలామంది ఉంటారు. పుస్తకంలో అప్పటికే కంఠస్థం వచ్చిన పాఠం ఇస్తే ఫలితం అబద్ధం చెబుతుంది. ఒత్తులు, గుణింతాల దగ్గరే తెలుగు పిల్లలు ఎక్కువగా ఆగుతారు కాబట్టి "పద్మ, విద్య, కష్టం, స్నేహం" లాంటివి మాటల జాబితాలో ఉంచండి.

దీన్ని హెచ్‌ఎం, క్లాస్ టీచర్‌తో మాట్లాడుకుని, వాళ్లు ఉండగానే చేయండి. బిడ్డను అందరి ముందు నిలబెట్టి చదివించొద్దు, పక్కన చెట్టు కింద ఒక్కొక్కరిగా పిలవండి. పేర్లు కాకుండా సంఖ్యలే సమావేశంలో చెప్పండి: 4, 5 తరగతుల్లో 22 మంది ఉంటే కథ చదివినవాళ్లు ఇంతమంది, అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఇంతమంది అని. తర్వాత టీచర్‌ను అడగాల్సింది "ఎందుకు రాలేదు" అని కాదు, "వెనకబడినవాళ్లకు రోజూ ఏ వేళలో విడిగా చెబుతారు, మా నుంచి ఏం కావాలి" అని. తెలంగాణ బడుల్లో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు లాంటి కార్యక్రమాల ఉద్దేశం కూడా ఇదే, కాబట్టి ఆ వేళ టైమ్‌టేబుల్‌లో ఉందా, నిజంగా జరుగుతోందా చూడండి. మూడు నెలలకు మళ్లీ అదే పద్ధతిలో, కొత్త కథతో చూడండి. ఏడాదిలో మూడుసార్లు చాలు. ఇంగ్లీషు మీడియం గురించి కమిటీలో వాదనలు వస్తాయి, రావాలి కూడా. కానీ ఏ భాషలోనూ చదవలేని బిడ్డకు మీడియం మార్చితే కష్టం రెండింతలవుతుంది. ముందు చదవడం, తర్వాత మిగతావి.

మధ్యాహ్న భోజనం కొలతలు

ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. 6–8 తరగతుల్లో 150, 30, 75, 7.5 గ్రాములు. చిన్నపిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాములు అందాలని లెక్క. ఆ రోజు 40 మంది ప్రాథమిక పిల్లలు వస్తే బియ్యం 4 కిలోలు, పప్పు 800 గ్రాములు, కూరగాయలు 2 కిలోలు, నూనె 200 గ్రాములు పొయ్యి మీదికి వెళ్లాలి. ఈ నాలుగు అంకెలు వంటగది గోడ మీద రాయించండి.

పప్పు నీళ్లలా ఉండటానికి కారణం సాధారణంగా వంట చేసే అమ్మల దొంగతనం కాదు, బిల్లులు నెలల తరబడి రాకపోవడం. వాళ్లు అప్పు చేసి కిరాణా తెస్తారు, అప్పు పుట్టనప్పుడు పప్పు తగ్గుతుంది. అందుకే మొదట అడగాల్సింది ఏ నెల బిల్లు వరకు వచ్చిందని. వడ్డించే ముందు ఒక టీచర్‌తో పాటు పెద్దవాళ్లు రుచి చూడాలి. వారానికో తల్లి వంతు వేసుకోండి, వచ్చినామె రుచి రిజిస్టరులో సంతకం పెట్టాలి. భోజనం పెట్టని రోజులు ఉంటే, 2015 నియమాల ప్రకారం ఆ రోజుల ధాన్యం, వంట ఖర్చు ఆహార భద్రతా భత్యంగా తర్వాతి నెల 15లోగా పిల్లలకు అందాలి. దీన్ని అడిగేవాళ్లు దాదాపు ఉండరు. అడగండి.

ఒక వాడ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టడం, వంటమనిషి కులం పేరు చెప్పి పిల్లల్ని తినొద్దనడం ఎక్కడైనా జరిగితే కమిటీ అదే రోజు సమావేశం కావాలి. కమిటీ పెద్దలే పిల్లలతో కలిసి ఆ వరుసలో కూర్చుని తినడం కన్నా గట్టి జవాబు లేదు. తర్వాత ఎంఈవోకు (మండల విద్యాధికారికి) రాయడం మానొద్దు.

డబ్బు, ప్రణాళిక

సమగ్ర శిక్ష అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 100 వరకు (మరీ చిన్న బడులకు ఇంకా తక్కువ) రూ. 25,000, 101–250కి రూ. 50,000, 251–1000కి రూ. 75,000, ఆపైన లక్ష. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే. రూ. 25,000లో రూ. 2,500 అంటే ఫినాయిలు, బ్రష్షులు, సబ్బులు ఏడాదంతా వస్తాయి. మరుగుదొడ్లు ఊడ్చే మనిషి జీతానికి అది చాలదు కాబట్టి దాన్ని విడిగా పంచాయతీని అడగాలి. గ్రాంటు తరచుగా ఆలస్యంగా, విడతలుగా వస్తుంది. మార్చి 31లోగా వాడకపోతే చేజారుతుందని చివర్లో అవసరం లేనివి కొంటారు. ఏం కొనాలో జూలైలోనే తీర్మానం చేసి వరుస పెట్టుకుంటే ఆ తొందర ఉండదు. క్యాష్ బుక్, ఓచర్లు ప్రతి మూడు నెలలకు చూడండి. కొన్న వస్తువును చేత్తో తాకి చూడండి.

పెద్ద అవసరాలకు దారి 22వ సెక్షన్ చెప్పే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. మూడేళ్లకు రాయాలి, ఏడాది వారీగా విడదీయాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరుకు తయారుగా ఉండాలి. అందులో రాబోయే మూడేళ్లలో తరగతి వారీగా ఎంతమంది పిల్లలొస్తారు, షెడ్యూలు లెక్కన ఎంతమంది టీచర్లు కావాలి, గదులు, విడి మరుగుదొడ్లు, నీళ్లు, ప్రహరీ, ర్యాంపు, ఆటస్థలంలో ఏవి లేవు, ఎంత ఖర్చు అని రాస్తారు. ఊరిలో ఐదేళ్లలోపు పిల్లల లెక్క అంగన్‌వాడీ నుంచి తెచ్చి జత చేస్తే ఆ అంచనాను ఎవరూ కొట్టేయలేరు.

బడి బయట ఉన్న పిల్లలు

కమిటీ విలువ ఎక్కువగా తెలిసేది ఇక్కడే. బడిలో ఉన్న పిల్లల గురించి మాట్లాడటానికి వాళ్ల తల్లిదండ్రులున్నారు, బయట ఉన్నవాళ్ల కోసం అడిగేవాళ్లు లేరు. టీసీ లేదని, పుట్టిన సర్టిఫికెట్ లేదని, ఆధార్ లేదని, జనవరి అయిపోయిందని చేర్చుకోకపోవడం కుదరదు. 5, 14, 15 సెక్షన్లు ఇందుకే ఉన్నాయి. పదేళ్ల బిడ్డ ఎప్పుడూ బడికి పోకపోయినా ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కాక, వయసుకు తగ్గ తరగతిలోనే చేరాలి. వెనకబాటు తీర్చడానికి మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితమే.

కూలి పిల్లల్ని బడికి తేవచ్చని రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఎం.వీ. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బ్రిడ్జి క్యాంపులతో (పిల్లల్ని వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసే శిబిరాలతో) చేసి చూపింది. ఆ పనిని నడిపిన శాంతా సిన్హా తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. వలస వెళ్లే ఊళ్లలో, ఉదాహరణకు కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబాల విషయంలో, బండి కదలక ముందే పని మొదలుపెట్టాలి. దసరా సెలవులకు ముందు ఏ ఇంటివాళ్లు వెళ్తారు, ఎంతమంది పిల్లలు, అవ్వాతాతల దగ్గర ఎవరు ఉండగలరు అని జాబితా రాయండి. ఉండలేని పిల్లల సంఖ్యతో సీజనల్ హాస్టల్ కావాలని ఎంఈవోకు తీర్మానం పంపండి. జాబితా లేకుండా "మా ఊరికి హాస్టల్ కావాలి" అంటే పని జరగదు. వెళ్లేవాళ్ల చేతిలో బడి పేరు, తరగతి, యూడైస్ కోడ్ రాసిన కాగితం పెట్టండి, అక్కడి బడిలో చేర్చడం తేలికవుతుంది. మీ ఊరే వలసలు వచ్చే ఊరైతే, తోటల దగ్గరికి, ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లి పిల్లల్ని లెక్కపెట్టాల్సింది మీరే.

రాసి అడగడం

నోటితో అడిగినదానికి నోటి జవాబే వస్తుంది. ముందు హెచ్‌ఎం, తర్వాత ఎంఈవో, ఆపైన డీఈవో (జిల్లా విద్యాధికారి). ఉత్తరం ఒక పేజీ దాటకూడదు, ఒక్క విషయమే ఉండాలి. ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా ప్రాథమిక పాఠశాలలో (యూడైస్ కోడ్ …) 74 మంది పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ముగ్గురు టీచర్లు ఉండాలి, ఇద్దరే ఉన్నారు. … తేదీన కమిటీ చేసిన … నంబరు తీర్మానం నకలు జత చేశాం. 30 రోజుల్లోగా మూడో టీచర్‌ను నియమించాలని, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, ఆ నిర్ణయంతో ఒప్పుకోలేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు. కాగితాలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు: మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. బిడ్డను కొట్టడం, వేధించడం జరిగితే ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు, 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. వెంటనే 1098కి ఫోన్ చేయండి.

పదవి దిగేటప్పుడు

ఐదో తరగతి పిల్లలు వెళ్లిపోగానే వాళ్ల తల్లిదండ్రుల సభ్యత్వం పోతుంది. అన్నీ తెలిసినవాళ్లే ముందు వెళ్లిపోతారు. అందుకే మార్చి సమావేశంలో అప్పగింతల కాగితం ఒకటి రాయండి: ఏ ఉత్తరం ఏ తేదీన ఏ కార్యాలయానికి వెళ్లింది, ముద్ర వేసిన ప్రతి ఎక్కడుంది, ఏ తీర్మానం ఇంకా తీరలేదు, గ్రాంటులో ఎంత మిగిలింది, చదివించి చూసిన మూడు విడతల సంఖ్యలు, మేలో తిరగాల్సిన ఇళ్ల జాబితా. దీని ప్రతులు మూడు తీయండి. ఒకటి తీర్మానాల పుస్తకంలో అంటించాలి, ఒకటి హెచ్‌ఎంకు, మూడోది రెండో తరగతి తల్లుల్లో ఒకరికి ఇవ్వాలి. ఆమె బిడ్డ ఇంకా మూడేళ్లు అక్కడే చదువుతుంది.